బెల్జియం గాలికి ఎదురు

వచ్చిన దినం నుంచి మాదన్నపేటల అందరు అడిగేది ఒకటే మాట. "మంచు చూసినవా?" చూడలే. నేను పోయింది ఎండకాలంల. గని ఆ దేశంల ఎండకాలం అంటే మన శ్రావణం ముసురు లెక్క ఉంటదని పొయ్యేదాకా నాకు గూడ తెల్వదు. రెండో మాట, "కప్పు ఏది?" కప్పు లేదు. మూడోది మా బాపు దోస్తులది. "తెల్లోళ్ళతోని సైకిలు తొక్కినవు గద, ఎట్లున్నది?" దీనికి రెండు ముక్కల్ల జవాబు చెప్పరాదు. కూరగాయల మార్కెట్ల నిలబెట్టి అడుగుతరు, నేను మొదలుపెట్టంగనే కొత్తిమీర కట్ట ఎంత అని పక్కకు తిరుగుతరు. చెప్పి చెప్పి పరేషాన్ అయిన. అందుకే సక్కగ కూసొని రాస్తున్న. కావాల్సినోళ్ళు చదువుకోన్రి.

నా పేరు సామ్యేల్. మా బాపు కరెంటు డిపార్టుమెంటుల లైన్‌మన్. నేను ఐటీఐ చదివి ఒక సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టర్‌గ చేస్తున్న. పొద్దుగాల డ్యూటీకి ముందు సాగర్ రోడ్డు మీద, ఆదివారం ప్రార్థన అయినంక ట్యాంక్‌బండ్ మీద, కొన్నేండ్ల సంది రేసు సైకిలు తొక్కుతున్న. పట్నంల నన్ను దాటి పోయేటోడు లేకుండె. గొప్పకు చెప్తలేను. ఆ ధైర్యంతోనే పోయిన, అందుకని చెప్తున్న.

బెల్జియంల ఒక చిన్న సైకిల్ క్లబ్బోళ్ళు మా సంఘానికి కబురు పెట్టిన్రు. ఇద్దరు పోరగాండ్లను పంపితే నెల దినాలు తిండి, పడక చూసుకుంటరట, వాళ్ళ ఊర్ల రేసులల్ల తొక్కనిస్తరట. ఢిల్లీల పెట్టిన పెద్ద రేసుల మొదటోడు లుధియానా బల్వీందర్, రెండో వాణ్ణి నేను. మమ్మల్ని చూసుకునేటందుకు ఒక మేనేజర్ సాబ్‌ను గూడ ఇచ్చి పంపిన్రు. ఆయన పేరు రాయను. ఆయనకు సైకిలు తొక్కరాదని మాత్రం రాస్త.

బ్రస్సెల్స్: తొక్కు సీసా

విమానం దిగినంక మొదటి లొల్లి మా అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కుతోని. సీసా పగులుతదని దాన్ని నా రేసు బనీన్ల చుట్టి పెట్టింది. సీసా పగిలింది. తెల్ల బనీను మీద ఎర్ర నూనె మరక, నడుం కాన్నుంచి మెడ దాకా. కస్టమ్స్ ఆయన బ్యాగు తెరిచి రెండడుగులు ఎనకకు జరిగిండు.

"ఇదేంది? రక్తమా?" అన్నడు ఇంగ్లీషుల.

"కాదు సార్. మామిడికాయ."

"మామిడికాయ తియ్యగ ఉంటది. నేను తిన్న."

నిలబడి ఆయనకు మామిడికాయకు, మామిడి పండుకు తేడా చెప్పాల్సి వచ్చింది. మా ఎనక లైనంత ఆగింది. మేనేజర్ సాబ్ నన్ను ఎరగనట్టు కొంచెం దూరం పోయి గోడ గడియారం చూస్తున్నడు. బల్వీందర్ అయితే నా బ్యాగుల వేలు పెట్టి, ఒక ముక్క తీసి నోట్ల ఏసుకొని, "బఢియా హై" అన్నడు. గాజు పెంకలు ఉంటయి భాయ్ అంటే, "గాజు లేదు, మెంతులు" అన్నడు.

బల్వీందర్ గురించి ఇప్పుడే చెప్పాలె. నా కంటె రెండేండ్లు పెద్ద. నిలబడితే తలుపు మూసుకుపోయినట్టు ఉంటడు. జుట్టు ముడేసి పైన నల్ల గుడ్డ కట్టుకుంటడు. ఎక్కడ కూసోబెడితే అక్కడ నిద్రపోతడు, ఏది పెడితే అది తింటడు, దేనికీ ఫికర్ లేదు. ఇద్దరి ఫికర్ నేనే చేసిన నెలంత.

రెండో లొల్లి, మా సైకిళ్ళు రాలే. పెట్టె మీద ఊరి పేరు మేనేజర్ సాబ్ రాసిండు. ఆ దేశంల అటువంటి పేరు ఉన్న ఊర్లు రెండు ఉన్నయట. మా పెట్టె రెండో ఊరికి పోయింది.

"ఫికర్ మత్ కరో," అన్నడు సాబ్. "వస్తయి."

వచ్చినయి, మొదటి రేసు అయిపోయినంక.

మార్తా ఆంటీ దుకాణం

మమ్మల్ని ఒక పల్లెల దింపిన్రు. పల్లె అంటే మన పల్లె కాదు, ఇటుక ఇండ్లు, నడుమ పెద్ద చర్చి, చర్చి ఎదురుంగ ఒక తాగే దుకాణం. కింద బీరు, కాఫీ అమ్ముతరు, పైన రెండు రూములు. ఆ దుకాణం నడిపేటామె మార్తా. అరవై దాటిన మనిషి, మొగోళ్ళ లెక్క చేతులు, భర్త లేడు. లడాయి అప్పుడు ఇంగ్లీషు సిపాయిల కాడ ఇంగ్లీషు నేర్చుకున్నదట, అందుకని ఆమె ఇంగ్లీషు నిండ సిపాయి మాటలే.

మా పెద్దమ్మ పేరు గూడ మార్తమ్మనే అని చెప్పిన. నమ్మలే.

"మీ దేశంల ఆ పేరు ఎట్ల ఉంటది?"

"మేం క్రిస్టియన్లం ఆంటీ."

"ఎప్పుడు మారినవు? ఇక్కడికి వచ్చినంకనా?"

"మా తాత కంటె ముందు నుంచి."

అయినా నమ్మలే. దుకాణానికి వచ్చినోళ్ళందరికి చూపించి, "ఈ పోరడు మన ప్రార్థన అప్పజెప్తడట" అన్నది. చెప్పమన్నరు. తెలుగుల చెప్పిన. ముసలోళ్ళందరు బీరు గ్లాసులు కింద పెట్టి, టోపీలు తీసి విన్నరు. అయిపోయినంక ఒకాయన అడిగిండు, మీ ఇంట్ల ఏనుగులు ఎన్ని ఉన్నయి అని.

తిండి సంగతి. పొద్దుగాల రొట్టె, మధ్యాహ్నం ఆలుగడ్డ, రాత్రికి మళ్ళ రొట్టె. ఆలుగడ్డను పొడుగ్గ కోసి రెండుసార్లు నూనెల గోలిచ్చి, కాగితం పొట్లంల పోసి, పైన గుడ్డు, నూనె కలిపి చేసిన తెల్లటి ముద్ద ఏస్తరు. అది మంచిగనే ఉంటది. గని ఒక దినం రొట్టె మీద ఎర్రగ ఏదో పూసి ఇచ్చింది ఆంటీ. సగం తిన్నంక తెలిసింది, అది పచ్చి ఎద్దు కూర, మెత్తగ దంచి పెట్టింది. మాంసం తినేటోణ్ణే నేను, గని పొయ్యి ముట్టియ్యకుండ తినుడు ఏందని అడిగిన. బల్వీందర్ ఆయనది తిని, నా మిగిలిన సగం గూడ తిన్నడు.

నాకు అన్నం కావాలె అని మూడు దినాలు అడిగిన. ఒక దినం ఆంటీ పిలిచి, "ఇగో, నీ అన్నం" అని పెద్ద గిన్నె ముందల పెట్టింది. పసుప్పచ్చగ ఉన్నది. పులిహోర అనుకున్న, నోట్ల నీళ్ళూరినయి. ముద్ద పెట్టుకుంటే పాలు, చక్కెర, కుంకుమపువ్వు. అన్నం కాదు, పాయసం. అదీ చల్లగ. ఆమె నా మొకం చూస్కుంట నిలబడ్డది. మొత్తం తిన్న. అప్పటి నుంచి నాకు ఇష్టమని మూడు దినాలకొకసారి చేసింది.

ధరల సంగతి ఒక్కటే చెప్త. అక్కడ టమాటలు తూకానికి కాదు, ఒక్కొక్కటి ఏరి కాగితంల చుట్టి ఇస్తరు. ఒక కప్పు కాఫీకి అయ్యేదాంట్ల మా అమ్మ మాదన్నపేట మార్కెట్ల బేరం చేసి సంచి నింపుకొని వస్తది. బేరం అంటే ఏందో అక్కడోళ్ళకు తెల్వదు. ఒకసారి కూరగాయల కాడ సగానికి అడిగిన. ఆయనకు అర్థం కాక సగం టమాట కోసి ఇచ్చిండు.

మొదటి రేసు: అరువు సైకిళ్ళు

అక్కడ రేసులు ఎట్ల అయితయో చెప్పాలె. ఊరికి ఒక జాతర ఉంటది. రంగులరాట్నం, మిఠాయి, బ్యాండు. ఆ జాతర దినం చర్చి ఎదురుంగ రోడ్డు మీద తెల్ల గీత గీస్తరు. అక్కడి నుంచి పొలాల్ల నుంచి చుట్టు తిరిగి మళ్ళ చర్చి కాడికి రావాలె. గట్ల పది పన్నెండు చుట్లు. బట్టలు తాగే దుకాణం ఎనక రూముల మార్చుకోవాలె, రేసు అయినంక అక్కడనే బకీట్ల నీళ్ళతోని కాళ్ళు కడుక్కోవాలె. రూమంత నొప్పుల మందు వాసన. బయట ఒకాయన నల్లబల్ల మీద సుద్దతోని పేర్లు రాసి పందాలు కడుతడు. మా పేర్లు ఏవని అడిగిన. బల్ల కింద ఒక గీత చూపించిండు. "మిగిలినోళ్ళు" అని రాసి ఉన్నదట. గెలుస్తరనే ఆశ ఉన్నోళ్ళ పేర్లే పైన రాస్తరట.

క్లబ్బోళ్ళు అరువు సైకిళ్ళు ఇచ్చిన్రు. నాది నాకు పెద్దగయింది, బల్వీందర్‌ది ఆయనకు చిన్నగయింది. మార్చుకుందమంటే రెండూ ఒకటే సైజు.

సీటీ కొట్టిన్రు. మన కాడ రేసు మొదలైతే అర్ధగంట మెల్లగ ముచ్చట్లు పెట్టుకుంట పోతం, ఆఖరుకు గుంజుతం. అక్కడ సీటీ కొట్టంగనే ఇంటికి నిప్పంటుకున్నట్టు పోయిన్రు. నా పక్కన ఉన్నోడు మీసం రాని పోరడు. నేను పెడల్ల పట్టీలల్ల కాళ్ళు ఇరికించుకొని తల ఎత్తేసరికి వాడు మలుపు దాటిండు. రెండో చుట్టుల గుంపు కనబడలే. మూడో చుట్టుల గుంపు కనబడ్డది, గని ఎనక నుంచి.

అట్ల గుంపు ఎనక నుంచి వచ్చి నిన్ను పట్టుకున్నదంటే నీ పని ఖతం. ఒక ఎర్రమొకం పెద్దమనిషి కారుల నుంచి ఎర్ర జెండా బయటికి పెట్టి సీటీ కొడుతడు. పక్కకు పోవాలె, నంబరు గుడ్డ విప్పి ఇయ్యాలె. ఆ మొకాన్ని నేను నెలంత చూసిన. ప్రతి రేసుల ఆయననే. సీటీ నోట్ల నుంచి తియ్యకుండనే మాట్లాడుతడు.

మొదటి రేసుల ముందు నన్ను తీసిండు, ఇంకో రెండు నిముషాలకు బల్వీందర్‌ను తీసిండు. దానికి గూడ బల్వీందర్ నన్ను చూసి నవ్విండు.

గాలికి లైను

తర్వాత మా సైకిళ్ళు వచ్చినయి. అదే గొప్ప అనుకున్న. రెండో రేసు, మూడో రేసు అయినంక తెలిసింది, తప్పు సైకిలుది కాదు.

మొదటిది, రాళ్ళ బాట. పొలాల నడుమ తాంబేలు వీపు అంత రాళ్ళు పరిచి రోడ్డు అంటరు. మన పాతబస్తీ గల్లీలల్ల బండలు ఉంటయి గద, అటువంటివి, గని వాటి నడుమ సందుల్ల టైరు దూరేంత జాగ. వాటి మీద జోరుగ పోతే పండ్లు కొట్టుకుంటయి, చేతులు తిమ్మిరెక్కుతయి, నీళ్ళ సీసా ఎగిరి పడ్తది. నా సీసా మూడుసార్లు పడ్డది. మూడోసారి దాన్ని ఒక ఆవు తొక్కింది.

రెండోది, గాలి. అదొక పరేషానీ. గుట్ట లేదు, చెట్టు లేదు, సముద్రం కాన్నుంచి గాలి సక్కగ వస్తది. గాలి పక్క నుంచి కొడితే ఆ పోరగాండ్లు రోడ్డుకు అడ్డంగ ఏటవాలు లైను కడుతరు. ఒకని చాటుకు ఒకడు. ఆ లైనుల రోడ్డు ఎడల్పుకు సరిపడ మందికే జాగ. ఆఖరున ఉన్నోడు అంచు మీద, మట్టిల, గాలికి ఎదురుంగ. ఆ ఆఖరున ఎప్పుడూ నేనే. ముందుకు పొయ్యి జాగ అడిగితే మోచేతితోని నూకుతరు. ఒకడు నా బనీను వాసన చూసి ముక్కు మూసుకున్నడు. ఎన్నిసార్లు ఉతికినా తొక్కు వాసన పోలే మరి.

ఒకసారి అంచు నుంచి జారి కాల్వల పడ్డ. లేచి చూస్తే ఒంటి నిండ పేడ నీళ్ళు. జెండా పెద్దమనిషి కారు ఆపి, అద్దం దించి, నన్ను చూసి, మళ్ళ అద్దం ఎక్కిచ్చుకున్నడు. జెండా గూడ చూపియ్యలే. చూపియ్యాల్సిన అవసరం లేకుండె.

ఆ దినం దుకాణంల కూసొని ఏడ్చిన. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. నేను పోయే ముందు మా చర్చిల నా కోసం ప్రార్థన పెట్టిన్రు, ఫ్యాక్టరీల ఫోర్మన్ దండ ఏసిండు. ఇక్కడ ఒక్క రేసు మొత్తం తొక్కుడు గూడ అయితలేదు. గెలుసుడు సంగతి దేవుడెరుగు, ఆఖరి గీత దాటుడే కలలాగ అయింది.

మార్తా ఆంటీ బకీటు తెచ్చి ముందల పెట్టింది. ఆ రేసు చూసేటందుకు ఆమె గూడ వచ్చి ఉండె. ఓదార్చలే. "నువ్వు మలుపు అయినంక ముందుకు పోతున్నవు," అన్నది.

"మరి ఎప్పుడు పోవాలె?"

"మలుపు రాకముందు. గాలి తిరిగే జాగ ఏదో చూసుకో. అందరికంటె ముందు అక్కడ ఉండు. నేను ఈ కిటికీల నుంచి నలభై ఏండ్ల సంది చూస్తున్న, ఓడిపోయేటోళ్ళందరు నీ లెక్కనే మలుపు అయినంక లేస్తరు."

"మొదలే చెప్పొద్దా ఆంటీ!"

"నువ్వు అన్నం గురించి తప్ప ఏం అడగలే గద."

ఆదివారం

అక్కడ రేసులన్ని ఎక్కువ ఆదివారమే. పొద్దుగాల చర్చి, మధ్యాహ్నం రేసు, సాయంత్రం బీరు. నేను గూడ ఆంటీతోని చర్చికి పోయిన. మా చర్చిల ఆడోళ్ళు ఒక దిక్కు, మొగోళ్ళు ఒక దిక్కు, చాపల మీద కూసుంటం, పాట ఎత్తుకుంటే డోలు, తాళాలతోని గోడలు అదురుతయి. అక్కడ అంత పెద్ద రాతి చర్చిల నలభై మంది ముసలోళ్ళు, సప్పుడు లేదు. బూట్లు ఇడిసి లోపలికి పోయిన నేను. అందరు నా కాళ్ళ దిక్కే చూసిన్రు. మేజోడుకు బొటనేలు కాడ బొక్క ఉన్నది. ప్రార్థన అయ్యేదాకా ఆ బొటనేలు ఎక్కడ దాచుకోవాల్నో తెల్వలే.

బయటికి వచ్చేసరికి నా బూట్లు లేవు. ఎవరో మర్చిపోయిన్రనుకొని ఫాదర్ లోపల పెట్టి తాళమేసిండు. ఆయన్ను ఎతికి పట్టుకొని బూట్లు తీసుకునేసరికి, ఆ దినం రేసుకు పేరు ఇచ్చే టైం అయిపోయింది. ఆ రేసు గట్ల పోయింది.

ఆంట్‌వెర్ప్

ఆఖరి వారం మేనేజర్ సాబ్ మమ్మల్ని ఆంట్‌వెర్ప్ తీసుకపోయిండు. పెద్ద పట్నం, ఓడలు, పెద్ద రేవు. చూసేటందుకు అనుకున్న, కాదు. ఆయన కొన్న సామాను మోసేటందుకు. టేపు రికార్డరు, గిన్నెల సెట్టు, ఇస్త్రీ పెట్టె, కర్టెన్ల గుడ్డ. దుకాణం దుకాణం తిరిగి, బేగంబజార్ హమాలీల లెక్క మా ఇద్దరి నెత్తి మీద పెట్టిండు.

ట్రాము కోసం నిలబడ్డప్పుడు చల్లగ చెప్పిండు. "ఆఖరి రేసుకు మీ పేర్లు తీసేసిన. ఆ దినం నేను సామాను సర్దుకోవాలె. మర్నాడే గద ఫ్లైటు."

ఆ ఆఖరి రేసు మార్తా ఆంటీ ఊరి జాతరది. నెలంత నేను ఆ దారిల తొక్కిన. గాలి ఎక్కడ తిరుగుతదో, రాళ్ళు ఎక్కడ లేస్తయో నాకు అరచేతి లెక్క తెలుసు. నెత్తి మీద గిన్నెల పెట్టె కింద పెట్టిన. గిన్నెలన్ని ఖణేల్‌మన్నయి.

"సాబ్, మీరు సర్దుకోన్రి. తొక్కేది మేము."

"నువ్వు ఒక్క రేసన్న పూర్తి చేసినవా? రిపోర్టుల ఏం రాయాలె నేను?"

"ఇస్త్రీ పెట్టె కొన్న అని రాయన్రి."

నోరు జారింది. బల్వీందర్ ఎప్పుడూ మాట్లాడనోడు, ఆ దినం కర్టెన్ల మూట గూడ నా పెట్టె పక్కన పెట్టి, "సాబ్‌జీ, రేసు లేకుంటె ట్రాము ఎక్కం" అన్నడు. ట్రాము వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. సాబ్ సామాను దిక్కు చూసిండు, మా దిక్కు చూసిండు.

"సరే. గని ఒక షరతు. బల్వీందర్ నంబర్ వన్. సామ్యేల్, నువ్వు వాని కోసం తొక్కుతున్నవు. వాని చక్రం పోతే నీ చక్రం ఇయ్యాలె. ఒక్కడన్న గీత దాటాలె, నేను రిపోర్టుల రాసుకోవాలె."

ఒప్పుకున్న. ఒప్పుకోక ఏం చేస్త?

జాతర దినం

పొద్దుగాల నుంచి ముసురు. రంగులరాట్నం తడుస్తున్నది, బ్యాండోళ్ళు ప్లాస్టిక్ కప్పుకొని వాయిస్తున్నరు. సీటీ కొట్టిన్రు.

ఈసారి నేను మలుపు రాకముందే లేచిన. ఇటుకబట్టీ కాడ దారి ఎడమకు తిరుగుతది, అక్కడ గాలి పక్కకు పడ్తది. ఆ మలుపు కంటె ముందే గుంపు మొదట్లకు పోయిన. మోచేతులు వచ్చినయి, నేను గూడ మోచెయ్యి పెట్టిన. లైను కట్టిన్రు. లైను నడుమల నేను. నా ముందర మీసం లేని పోరడు, నా ఎనక బల్వీందర్. గాలి వాళ్ళకు కొడుతున్నది, నాకు కొడుతలేదు. ఇంత సులువా అనిపించింది. నెలంత ఏం చేసిన నేను అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఒక్కొక్క చుట్టు అవుతున్నది, ఎనక ఒక్కొక్కడు ఊడుతున్నడు. చర్చి కాడ దాటినప్పుడల్ల జనం "మహారాజా! మహారాజా!" అని బల్వీందర్ గుడ్డను చూసి ఒర్లుతున్నరు. నా కోసం ఒక్క మార్తా ఆంటీ ఒర్లుతున్నది, అదీ సిపాయి మాటలతోని. ఇంక మూడు చుట్లు ఉన్నయి. నా కాళ్ళల్ల ఇంకా బలం ఉన్నది. ఆ సంతోషం ఎట్ల ఉంటదో నాకు రాయరాదు.

అప్పుడు రాళ్ళ బాట మీద, నా ఎనక ఠప్‌మన్నది.

"సామ్! పహియా!"

బల్వీందర్ ముందు చక్రం, టైరు పేలింది. చెయ్యి పైకెత్తి ఆగిపోతున్నడు. వినబడనట్టు పోవచ్చు. ఆ సప్పుడుల, ఆ గాలిల, ఎవరు అడుగుతరు? నోటికొచ్చిన తిట్లు తెలుగుల తిట్టుకుంటనే బ్రేకు పట్టిన. దిగి, నా ముందు చక్రం గుంజి, ఆయన సైకిలు ఫోర్కుల పెట్టిన.

"నీ సంగతి ఏంది?" అన్నడు.

"నువ్వు పో భాయ్! పో!" అని నడుం మీద చెయ్యేసి నూకిన. ఆయన పోయిండు. గుంపు వంద గజాలు పోయింది. తల వంచి, ఆ పెద్ద మనిషి ఒక్కడే గాలికి అడ్డంపడి తొక్కుతున్నడు. తర్వాత మలుపు.

నేను వానల, ఒక చేతిల చక్రం లేని సైకిలు, ఇంకో చేతిల గాలి పోయిన చక్రం పట్టుకొని నిలబడ్డ.

పక్కన ఒక ఆవుల కొట్టం ఉన్నది. కట్టె బూట్లు ఏసుకున్న ఒక ముసలాయన తలుపుల నిలబడి అంత చూసిండు. నా కాడికి వచ్చి చక్రం చూసిండు, నన్ను చూసిండు. లోపలికి పోయి, పాల క్యాన్లు తగిలించే తన సైకిలు బోర్లేసి, పానాతోని ముందు చక్రం విప్పిండు. తుప్పు పట్టిన ఇనుప చక్రం. నా ఫోర్కుల పట్టింది గని బ్రేకు రబ్బర్లకు రాసుకుంటున్నది. ముందు బ్రేకు విప్పేసిన. థాంక్యూ అన్న. ఆయన చెయ్యి ఊపిండు, పో అన్నట్టు.

ఆ చక్రం రోలు లెక్క బరువు. తొక్కిన. కొంత దూరం పోయేసరికి గుంపు ఎనక నుంచి రానే వచ్చింది. గుంపును మళ్ళ పట్టుకొని బల్వీందర్ అందుల ఉన్నడు! మొదటి పది మంది ఎనక, మొకం నిండ బురద. నన్ను దాటేటప్పుడు చూడలే, చూసే తీరిక లేదు. వాళ్ళ ఎనక కారు. కారుల నుంచి ఎర్ర జెండా. సీటీ.

ఆగలే.

కారు నా పక్కకు వచ్చింది. ఎర్రమొకం పెద్దమనిషి వాళ్ళ భాషల గట్టిగ ఏదో అన్నడు.

"పక్కకు పోను!" అన్న తెలుగుల. "ఎందుకు పోవాలె? నెల దినాల సంది సీటీ కొడుతనే ఉన్నవు. నేనేం దొంగతనం చేసిన్నా? మా వానికి చక్రం ఇచ్చిన, అంతే. నీ జెండా నీ దగ్గరనే పెట్టుకో!"

ఆయన ఇంకా గట్టిగ ఒర్లిండు. నేను ఇంకా గట్టిగ ఒర్లిన. ఆయన మాట నాకు తెల్వదు, నా మాట ఆయనకు తెల్వదు, ఇద్దరం వానల కొట్లాడుకుంట రాళ్ళ బాట అంత పోయినం. ఆఖరుకు ఆయన నోట్ల నుంచి సీటీ తీసిండు. నెలంతల అదే మొదటిసారి. నా ముందు చక్రం దిక్కు చాలాసేపు చూసి, అద్దం ఎక్కిచ్చుకొని ఎళ్ళిపోయిండు.

నా లెక్కకు ఇంకా రెండు చుట్లు. మొదటి చుట్టుల చర్చి కాడ జనం ఉన్నరు, బల్వీందర్ వాళ్ళ రేసు అప్పుడే ముగిసినట్టున్నది, బ్యాండు వాయిస్తున్నరు. నేను ఆగుతననుకొని దారి ఇడవలే. గంట లెక్క "జరగన్రి! జరగన్రి!" అని ఒర్లుకుంట నడుమల నుంచి పోయిన. ఆఖరి చుట్టుకు రోడ్డు తెరిచేసిన్రు. ఎదురుంగ ట్రాక్టర్లు, ఎనక కార్లు హారన్లు కొట్టుకుంట. ఇటుకబట్టీ మలుపు కాడ చాటు ఇచ్చేటోడు ఒక్కడు లేడు, గాలంత నాకే. కట్టె బూట్ల ముసలాయన తలుపుల అట్లనే నిలబడి ఉన్నడు. తన చక్రం పోతున్నది చూసుకున్నడు.

చర్చి కాడికి వచ్చేసరికి పందాలాయన నల్లబల్ల తుడుస్తున్నడు. ఇద్దరు మనుషులు బ్యానరు విప్పి మడతపెడుతున్నరు. తెల్ల గీత మీద మిఠాయి బండి చక్రం. దాన్ని తప్పించుకొని గీత దాటిన. చప్పట్లు లేవు.

గీతకు అవతల ఛత్రీ పట్టుకొని జెండా పెద్దమనిషి నిలబడ్డడు. పక్కన మార్తా ఆంటీ, బల్వీందర్. బల్వీందర్‌ది పదకొండో నంబరట. మేనేజర్ సాబ్ ఆయనతోని ఫోటో దిగి, సామాను సర్దుకునేటందుకు పైకి పోయిండట.

పెద్దమనిషి నన్ను చూసి గడగడ ఏదో అన్నడు.

"ఏమంటున్నడు ఆంటీ?"

"నీ పేరు రాయడట. రూలు ఒప్పుకోదట. నీ వల్ల ఆయన సూప్ చల్లారిపోయిందట."

నాకు మళ్ళ ఎక్కడలేని కోపం వచ్చింది. "చల్లారితే ఎచ్చ పెట్టుకొమ్మను!" అన్న. ఆంటీ అదే మాట ఆయనకు చెప్పింది. ఆయన నవ్వలే. ఇంకోటి అడిగిండు.

"బుధవారం పక్క ఊర్ల రేసు ఉన్నది," అన్నది ఆంటీ. "పోరడు వస్తడా అని అడుగుతున్నడు."

బుధవారం నేను ఫ్యాక్టరీల ఉంట, మిషను ముందల. తల అడ్డంగ ఊపిన. ఆయన ఛత్రీ మూసిండు, జెండా చంకల పెట్టుకున్నడు, దుకాణంలకు పోయిండు.

నేను ఇంకా సైకిలు మీదనే ఉన్న. కాళ్ళు పెడల్ల పట్టీలల్ల ఇరుక్కొని ఉన్నయి, చలికి వేళ్ళు వంగుతలేవు, విప్పుకోరాదు. బల్వీందర్ వచ్చి, పడిపోకుండ నన్ను భుజంతోని ఆపి, బురదల మోకాళ్ళ మీద కూసొని ఒక్కొక్క పట్టీ విప్పిండు.